మా ఊరి ఆడోళ్ళు సొంతంగ పాల సంఘం పెట్టుకుంటమంటున్నరు. మ్యాక్సా, కంపెనీయా, అసలు నడుస్తదా?

సిద్దిపేట_శ్రీను:
అందరికీ నమస్తే. మాది సిద్దిపేట దిక్కు చిన్న ఊరు, నేను హైదరాబాద్‌ల జాబ్, అమ్మానాన్న ఊళ్ళెనే ఉంటరు. ఊళ్ళ ఓ నూటయాభై ఇండ్లల్ల బర్రెలున్నయి, దాదాపు అందరూ ఒకటే ప్రైవేట్ డెయిరీకి పోస్తరు, ఏజెంట్ మా ఊరాయనే. గొడవంత ఫ్యాట్ (పాలల్ల వెన్న శాతం, రేటు దాన్ని బట్టే) కాడ. పచ్చిగడ్డేసినా, పత్తి చెక్క పెట్టినా మా అమ్మ పాలకు 5.5 దాటదు. మొన్న అమ్మ, పక్కింటి పెద్దమ్మ కలిసి ఏం చేసిన్రంటే, ఒకటే బర్రె పాలు ఒకటే బకెట్ల పిండి, మంచిగ కలిపి, రెండు గిన్నెలల్ల పోసుకొని పోయి ఇద్దరి పేర్ల మీద వేరువేరుగ పోసిన్రు. అమ్మకు 5.4, పెద్దమ్మకు 6.1. పెద్దమ్మ కొడుకు ఆ ఏజెంట్‌కు దోస్తు లెండి. అడిగితే "మిషన్ ఎట్ల చూపిస్తే అట్ల రాస్త, నేనేం జేస్త" అన్నడంట.

ఆ రోజు నుంచి ఆడోళ్ళ పొదుపు సంఘం మీటింగ్ అంటే ఇదే ముచ్చట. లోన్లు మనమే తెచ్చుకుంటున్నం, కిస్తులు మనమే కడుతున్నం, లెక్కలు మనమే రాసుకుంటున్నం, పాలు మాత్రం వాడు చెప్పిన రేటుకు ఎందుకు పొయ్యాలె అని. నాకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోమన్నరు. మా ఆఫీసుల ఒకాయన ప్రొడ్యూసర్ కంపెనీ (రైతులే వాటాదారులుగ ఉండే కంపెనీ) పెట్టున్రి, గ్రాంట్ వస్తది అంటున్నడు. ఊళ్ళ లీడర్ ఒకాయన పాత సహకార చట్టం కింద పెట్టుకోన్రి, సర్కారు వాటా నేనిప్పిస్త అంటున్నడు. ఇంకొకరు మ్యాక్స్ అని వేరే సహకార చట్టం ఉంది, దాని కింద పెట్టున్రి అంటరు. నాకైతే అంత గందరగోళం ఉంది. చేసినోళ్ళు, చూసినోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పున్రి, ఉత్త మోటివేషన్ ముచ్చట్లు మాత్రం వద్దు ప్లీజ్.

పాత_సొసైటీ:
శ్రీనూ, నువ్వు దూరం పోవాల్సిన పని లేదయ్యా. మీ సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దాటి వస్తే ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు అక్కడ గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సొసైటీ పెట్టినప్పుడు 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటాధనం, అంతే. ఇప్పుడు ఆ సొసైటీ అప్పులిస్తది, విత్తన వడ్లు పండిస్తది, రైస్ మిల్లు నడుపుతది, పంట కొంటది. సొసైటీ దగ్గర అప్పు తీసుకున్న రైతు పంట కూడా సొసైటీకే తెస్తడు, అందుకని అప్పు వసూలుకు ఎవరూ ఇంటి మీదికి పోవాల్సిన అవసరం రాదు. ఈ కిటుకు చాలామందికి అర్థం కాదు.

మీకు అసలు చూడాల్సింది మాత్రం అక్కడి ఆడవాళ్ళ డెయిరీ, స్వకృషి. 2000లో మొదలైంది. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు, దానికంటే ముందే ఆ చుట్టుపక్కల ఊళ్ళల్ల సహవికాస అనే, సహకార సంఘాలకు తోడ్పడే సంస్థ వాళ్ళ సాయంతో మహిళల పొదుపు సహకార సంఘాలు చాలా ఏండ్లు నడిచినయి. నెలనెలా పొదుపు కట్టుడు, అప్పు తీసుకునుడు, లెక్క చూపించుడు, ఎలక్షన్ పెట్టుకునుడు అన్నీ అలవాటైనంకనే డెయిరీకి దిగిన్రు. వాటాలు వాళ్ళవే, మిగతాదానికి ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) దగ్గర అప్పు తీసుకున్నరు. సభ్యత్వం ఆడవాళ్ళకే. బర్రె ఎవరి పేరు మీదున్నా పాల బిల్లు ఆమె పేరు మీదనే. ఏడాది చివర మిగులుంటే ఎన్ని పాలు పోస్తే అంత బోనస్, వాటా ఎంత పెట్టినవు అని చూడరు.

మీ లీడర్ చెప్పే సర్కారు వాటా సంగతికి వస్తే, వద్దు. వాటా వెనకాల మనిషి వస్తడు, మనిషి వెనకాల పార్టీ వస్తది.

కృష్ణలంక_కిట్టు:
బాబూ, మోటివేషన్ వద్దన్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తా, తిట్టుకోకండి. మా వైపు సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఎన్ని మూతపడ్డాయో లెక్కేసుకోండి. రైతుల వాటాలే, రైతుల చెరుకే, రైతులే డైరెక్టర్లు, చివరికి రైతులకే బకాయిలు. డెయిరీ బోర్డు ఎలక్షన్ అంటే ఎమ్మెల్యే ఎలక్షన్ కంటే ఎక్కువ ఖర్చు పెడతారు మా జిల్లాలో, ఊరికే పెడతారా చెప్పండి. పైగా ఈ మ్యాక్స్ చట్టం గురించి అందరూ గొప్పగా చెప్తారు గానీ గవర్నమెంట్ అజమాయిషీ లేదు కదా అని ఆ పేరు మీద సొసైటీ పెట్టి, నూటికి ఇంత వడ్డీ అని డిపాజిట్లు పోగేసి, ఒక రోజు పొద్దున్నే బోర్డు తిప్పేసినవాళ్ళు కూడా ఉన్నారు మన రాష్ట్రాల్లో. ఆ డబ్బు పోయిన ముసలాళ్ళని అడగండి సహకారం గురించి.

ఇంకో మాట. మహిళల సంఘం అంటారు, అధ్యక్షురాలి పేరుండేది కాగితం మీద, మీటింగ్‌లో మాట్లాడేది వాళ్ళాయన. సర్పంచ్‌ల దగ్గర చూడట్లేదూ? ఏజెంట్ పోయి ప్రెసిడెంట్ గారి భర్త వస్తాడు, ఫ్యాట్ మాత్రం 5.4 దగ్గరే ఉంటుంది.

నల్లకోటు_రవి:
కిట్టు గారి బాధలో నిజం ఉంది కానీ రెండు చట్టాలు కలిపేస్తున్నారు. మీరు చెప్పిన చక్కెర ఫ్యాక్టరీలు 1964 నాటి పాత సహకార చట్టం బాపతు. అందులో రిజిస్ట్రార్ తలుచుకుంటే పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు, ఎన్నికలు వాయిదా వేసుకుంటూ పోవచ్చు. ప్రభుత్వం వాటాదారు కూడా కాబట్టి ఇదేంటని అడగడానికి మీకు నోరుండదు. ఇదంతా వద్దనే 1995లో ఉమ్మడి ఏపీలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చారు, మనం మ్యాక్స్ అనేది దాన్నే. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. దీంట్లో ప్రభుత్వ వాటా ఉండదు, బోర్డుని తీసేసే అధికారం సభ్యులది. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే సంఘం పెట్టుకోవచ్చు, నియమావళి మీరే రాసుకోవచ్చు, ఆడిట్, సర్వసభ్య సమావేశం మాత్రం ఏటా తప్పనిసరి.

దీని మీద పెద్ద యుద్ధమే జరిగింది, డెయిరీల విషయంలోనే. 2006లో అప్పటి ప్రభుత్వం చట్టం సవరించి పాల సంఘాలని 1995 చట్టం నుంచి పీకేసి మళ్ళీ 1964 చట్టం కిందికి నెట్టింది. హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2011లో సుప్రీం కూడా ప్రభుత్వానిదే తప్పంది. ప్రభుత్వ జోక్యం ఉండదన్న షరతు చూసుకుని జనం ఒక సంఘంగా ఏర్పడితే, వాళ్ళని అడక్కుండా ఇంకో చట్టం కింద పడేయడం రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం కింద సంఘం పెట్టుకునే హక్కుని కాలరాయడమే అని. ఆ తర్వాత 97వ రాజ్యాంగ సవరణతో ఆ అధికరణంలోనే సహకార సంఘాలు అన్న మాట చేర్చారు.

ప్రొడ్యూసర్ కంపెనీ చెడ్డదేం కాదు, అందులోనూ మనిషికి ఒకటే ఓటు, పదిమంది ఉత్పత్తిదారులు చాలు. కానీ ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కి ఫారాలు వేయాలి, లేటైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. నా దగ్గరికి వచ్చే ఎఫ్‌పీఓల్లో (రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో) సగం కేసులు ఇవే, గ్రాంట్ ఉన్నన్నాళ్ళు సీఏ ఉంటాడు, గ్రాంట్ అయిపోగానే ఫోన్ ఎత్తడు. ఇంకోటి, 2020లో కేంద్రం తెచ్చిన పదివేల ఎఫ్‌పీఓల స్కీములో మైదాన ప్రాంతమైతే కనీసం 300 మంది సభ్యులు కావాలన్నారు, ఆ లెక్కన మీ నూటయాభై ఇళ్ళకి అలాంటి గ్రాంట్ కష్టమే. నాలుగైదు ఊళ్ళు కలిస్తే అప్పుడు ఆలోచించండి.

ఇంకో చిన్న విషయం శ్రీను గారూ, మీ మండల మహిళా సమాఖ్య రిజిస్ట్రేషన్ కాగితం ఒకసారి తీసి చూడండి. చాలా మండలాల్లో అది మ్యాక్స్ చట్టం కిందే ఉంటుంది. అంటే మీ అమ్మగారు వాళ్ళు ఆ చట్టంలో కొన్నేళ్ళుగా ఉన్నట్టే.

లెక్కల_పద్మ:
నేను సమాఖ్యల బుక్ కీపర్‌గ చేసిన, తర్వాత మా ఊరి పాల సంఘంల కూడ లెక్కలు రాసిన. చట్టం గురించి రవి సార్ చెప్పిండు కాబట్టి నేను పాల గురించి చెప్త.

తమ్మీ, ఏ చట్టం కింద పెట్టినా మీ సంఘం బతుకుడు చచ్చుడు ఆ టెస్టింగ్ టేబుల్ మీదనే ఉంటది. మీ ఊళ్ళ ఉన్నది అనలైజర్ మిషన్ అనుకుంట, పాలు పెట్టంగనే నంబర్ వస్తది కదా. దాన్ని సెట్ చేసుడు చేతిల పని. ఆవు పాల సెట్టింగ్‌ల బర్రె పాలు పెట్టినా తేడానే, రోజూ కడగకపోయినా తేడానే. పాలను కింద మీద కలపకుండ పైపైన శాంపిల్ తీస్తే మీగడ పైకొచ్చి ఫ్యాట్ ఎక్కువ, అడుగున తీస్తే తక్కువ. దోస్తు ఇంటి పాలకు ఒక తీరు, వేరేటోళ్ళ పాలకు ఇంకో తీరు అనేది ఈ చెంచా కాడనే అయితది. అందుకని మేము మిషన్ పెట్టుకున్నా గెర్బర్ సెట్ (యాసిడ్ పోసి ఫ్యాట్ చూసే గాజు గొట్టాలు) పక్కనే పెట్టుకున్నం. గాజు గొట్టంల 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని మీద గోడ పొంటి మెల్లగ 10.75 పాలు, 1 మిల్లీలీటర్ ఎమైల్ ఆల్కహాల్, కార్క్ పెట్టి ఊపితే గొట్టం చెయ్యి కాలేటట్టు వేడైతది, గుడ్డ చుట్టి పట్టుకోవాలె. సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి, 65 డిగ్రీల నీళ్ళల్ల పెట్టి తీస్తే పైన పసుపు రంగు గీత నిలుస్తది, అదే ఫ్యాట్. గీత ఎక్కడుందో ఎవలకైనా కనపడ్తది, సదువు రాని అవ్వకు కూడ. ఎవలకన్న డౌట్ వస్తే "గొట్టంల పెట్టు" అంటరు, పెడ్తం. ఆ ఒక్క మాట అనే హక్కు ఉందంటే చాలు, సగం కొట్లాటలు పుట్టవు.

పైసలల్ల చూడున్రి. కిలో ఫ్యాట్‌కు 800 రూపాయల రేటు అనుకుందాం. లీటర్ పాలు 1.03 కిలో తూగుతయి, 6 ఫ్యాట్ అంటే 49 రూపాయల 44 పైసలు, 5.5 అంటే 45 రూపాయల 32 పైసలు. లీటర్‌కు 4 రూపాయల పైన పోయినట్టు. మీ అమ్మ ఎన్ని లీటర్లు పోస్తదో గుణించుకో, ఊరు మొత్తానికి గుణించుకో, అప్పుడు ఏజెంట్ కొత్త ఇల్లు ఎట్ల కట్టిండో తెలుస్తది 😀

కిట్టు అన్న మొగుళ్ళ సంగతి అన్నడు. నిజమే, మా దగ్గర కూడ మొదట్ల వచ్చి కుర్చీలల్ల కూసున్నరు. మేము నియమావళిలనే రాసుకున్నం, పాలకవర్గం మీటింగ్‌ల సభ్యురాలు తప్ప ఇంకెవలుండొద్దని, బిల్లు ఆమె ఖాతలనే పడాలని. వాళ్ళు బయట కట్ట మీద కూసొని బీడీలు తాగుకుంట చెవులు రిక్కించి వింటుండేటోళ్ళు, విననీ, మాకేంది. చెక్కు మీద సంతకం మాత్రం ఆమెదే.

సిద్దిపేట_శ్రీను:
పద్మక్కా, గొట్టం సంగతి అమ్మకు ఫోన్ల చెప్తే "అది కొనాల్రా ముందు" అన్నది, చట్టం గిట్టం మస్తు తర్వాత అంట. రవి సార్, మండల సమాఖ్య కాగితం కూడ అడిగిన, మీరన్నట్టు మ్యాక్స్ అనే ఉన్నది. ఇగ పాత చట్టం ముచ్చట పక్కకు పెట్టేసినం, లీడర్ సార్‌కు మాత్రం ఇంక చెప్పలే.

ఇంకో డౌట్. సరే సంఘం పెట్టినం, ఫ్యాట్ కరెక్ట్‌గ రాసినం, మరి పాలు ఎవరికి అమ్మాలె? మళ్ళ ఆ డెయిరీకే పోస్తే ఏం లాభం?

సీమ_రైతుబిడ్డ:
ఇదీ అడగాల్సిన ప్రశ్న. మాది అనంతపురం వైపు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అని 1990 నుంచి పనిచేస్తాండారు, వాళ్ళ తోడ్పాటుతో రైతులు 2008లో ధరణి అని సహకార సంఘం పెట్టుకున్యారు, అది కూడా మ్యాక్స్ కిందే. కొర్రలు, సామలు, వేరుశనగ మందుల్లేకుండా పండిచ్చేది, సంఘమే కొని శుభ్రం చేసి ప్యాకెట్లు కట్టి అమ్మేది. సర్టిఫికెట్‌కి బయట కంపెనీ పిలిపిచ్చుకోకుండా ఒకరి చేను ఒకరు చూసి సంతకం పెట్టే పద్ధతి పెట్టుకున్యారు. ఎవురన్నా యూరియా చల్లినారంటే పక్క చేనోనికి తెలీకుండా ఉంటాదా చెప్పండి.

నేను చెప్పొచ్చేదేమంటే, గింజలు గోదాములో పెట్టుకుని రేటొచ్చేదాకా ఆగొచ్చు, పాలు ఆగవు. పిండిన మూడు నాలుగు గంటల్లో చల్లబరచకపోతే విరిగిపోతాయి, అప్పుడు ఎంత గొప్ప సంఘమైనా వచ్చిన రేటుకి పోయాల్సిందే. కాబట్టి కూలింగ్ ట్యాంకు ఎవురిదైతే బేరం వాళ్ళదే. ఒక్క ఊరికి అంత ట్యాంకు గిట్టుబాటు కాదు, చుట్టూ మూడు నాలుగు ఊళ్ళ సంఘాలు కలిసి ఒకటి పెట్టుకోండి. అప్పుడు వెయ్యి లీటర్లు చల్లగా చేతిలో పెట్టుకుని మాట్లాడితే ప్రభుత్వ డెయిరీ అయినా ప్రైవేటోడైనా మీ దగ్గరికే వచ్చి రేటు మాట్లాడతాడు.

డల్లాస్_తెలంగాణోడు:
మంచి థ్రెడ్ భయ్యా. ఒక తమాషా సంగతి. ముల్కనూరు పెట్టిన 1956లోనే స్పెయిన్‌ల బాస్క్ ప్రాంతంల మోంద్రాగోన్‌ల ఒక చర్చి ఫాదర్ దగ్గర చదువుకున్న ఐదుగురు కుర్రాళ్ళు స్టవ్‌లు చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టిన్రు, పనోళ్ళే ఓనర్లు. ఇప్పుడు వాళ్ళకు పదుల సంఖ్యల కో-ఆపరేటివ్‌లు, సొంత బ్యాంకు, యూనివర్సిటీ అన్నీ ఉన్నయి. 2013ల వాళ్ళ ఫ్రిజ్‌ల కంపెనీ ఫాగోర్ దివాలా తీస్తే చాలామంది పనోళ్ళను మిగతా కో-ఆపరేటివ్‌లల్ల సర్దిన్రు. మన దగ్గర ఫ్యాక్టరీ మూతపడితే గేటు ముందర టెంటేసుకొని కూసునుడే కదా. నేను ఇక్కడ బ్యాంకు వదిలేసి క్రెడిట్ యూనియన్‌ల ఖాతా పెట్టుకున్న, నేనూ ఒక ఓనరే అంట, ఓటు కూడ పంపిస్తరు. నిజం చెప్పాల్నంటే ఇప్పటిదాక ఒక్కసారి కూడ వెయ్యలే.

పాత_సొసైటీ:
డల్లాస్ తమ్ముడూ, ముందు పోయి ఓటెయ్యి. సభ్యులు నిద్రపోతే ముల్కనూరైనా మోంద్రాగోనైనా ఏజెంట్ చేతికే పోతది. కిట్టు గారు చెప్పిన బోర్డు తిప్పేసిన సొసైటీలు చూడండి, వాటిల్లో డబ్బు దాచుకున్నోళ్ళు డిపాజిటర్లుగానే ఉన్నరు, సభ్యులుగా మీటింగ్‌కు ఎవరూ పోలేదు, ఆడిట్ రిపోర్ట్ ఎవరూ అడగలేదు. అందుకని శ్రీనూ, మీ నియమావళిలో ఒక ముక్క రాయించు, ఏడాదికి ఇన్ని రోజులన్నా సంఘానికి పాలు పోస్తేనే ఓటు అని. ఎన్ని రోజులన్నది వాళ్ళనే తేల్చుకోనీ. అట్ల చేస్తే బర్రె లేని లీడర్లు ఎలక్షన్‌కు నిలబడలేరు. బయటోళ్ళ దగ్గర డిపాజిట్లు తీసుకోవద్దు అని కూడా రాయించు.

కృష్ణలంక_కిట్టు:
ఆ పాలు పోస్తేనే ఓటు అన్న రూలు బాగుంది, ఒప్పుకుంటా. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. ఇంకో ప్రశ్న, డబ్బు తిరగడం ఎలా? ప్రైవేటోడు పదిహేను రోజులకి బిల్లు ఇస్తాడు, బర్రెకి జబ్బు చేస్తే అడ్వాన్స్ కూడా ఇస్తాడు, అందుకే గదా ఫ్యాట్ కొట్టేస్తున్నాడని తెలిసీ జనం అక్కడే పోసేది. మీరు అమ్మిన డెయిరీ మీకు నెలకి గానీ ఇవ్వకపోతే?

లెక్కల_పద్మ:
కిట్టు అన్న ఇయ్యాల పనికొచ్చే మాట అన్నడు 😀 ఏజెంట్ గుప్పిట్లున్నది ఫ్యాట్ మిషన్ ఒక్కటే కాదు, ఆ అడ్వాన్స్ కూడ. ఐదువేలు అడ్వాన్స్ తీసుకున్న ఇల్లు వేరేకాడ పాలు పొయ్యలేదు. కాబట్టి సంఘం మొదలుపెట్టే ముందు ఇంటింటికి తిరిగి ఎవలెవలు ఎంత అడ్వాన్స్ బాకీ ఉన్నరో రాసుకోండి, ఆ బాకీ పొదుపు సంఘం అప్పుతోటి తీర్పించండి. అది కాకముందే బోర్డు రాయించి రిబ్బన్ కత్తిరిస్తే పది ఇండ్లు కూడ రావు.

తిరిగే పైసల లెక్క ఇగో. రోజుకు 600 లీటర్లు, లీటర్ 45 అనుకుంటే దినాం 27 వేలు, పదిహేను రోజులకు 4 లక్షల 5 వేలు. మీ డెయిరీ నెలకిస్తే మీకు అంత పైసలు చేతిల ఉండాలె, లేకుంటే మొదటి బిల్లుకే సంఘం పరువు పోతది. వాటా ఇంటికి వెయ్యి పెట్టినా నూటయాభై ఇండ్లకు లక్షన్నరే. మిగతాది సమాఖ్య నుంచి అప్పుగ తీసుకోవాలె, వడ్డీతోటి, కాగితం రాసుకొని. మనోళ్ళే కదా అని నోటిమాట మీద తీసుకోకున్రి. ఎండాకాలం పాలు తగ్గుతయి, అప్పు వాయిదాలు వానాకాలం నుంచి సంక్రాంతి దాక ఎక్కువ పెట్టుకోండి.

సిద్దిపేట_శ్రీను:
అక్కా, అడ్వాన్స్ లిస్ట్ సంగతి నాకు తట్టనే తట్టలే. అమ్మను అడిగితే మాకే మూడువేలు బాకీ ఉందంట, నాన్న తెచ్చిండంట, ఇప్పటిదాక నాకు చెప్పనే లేదు.

వచ్చే ఆదివారం కాదు, ఆ తర్వాత వారం సంఘం నుంచి ఒక పదిమంది ముల్కనూరు పోయి చూసొస్తమంటున్నరు, ట్రాక్స్ బండి మాట్లాడుతున్నం. పాత సొసైటీ సార్, చూపిస్తరా అక్కడ, ముందుగాల ఎవరికన్న చెప్పాల్నా? నాన్న కూడ వస్త అంటున్నడు, అమ్మ వద్దంటున్నది.

పాత_సొసైటీ:
ఆదివారం పోకండి, ఆఫీసుల ఎవరూ దొరకరు. పనిదినం చూసుకొని ముందుగా ఆఫీసుకు ఫోన్ చేసి పోండి, ఊళ్ళ నుంచి మస్తుమంది చూడ్డానికి వస్తుంటరు, వాళ్ళకు అలవాటే. డెయిరీ ప్లాంట్ కంటే ముందు ఏదన్నా ఒక ఊరి పాల కేంద్రం పొద్దుటి పూట చూపించమని అడగండి, మీకు పనికొచ్చేది అదే. నాన్నను రానియ్యమను, బయట చాయ్ హోటల్ ఉంటది.